సంఘం విడిపోతే మన కుటుంబం ఎటు? అమెరికాలోని తెలుగు మెథడిస్టుల కోసం ఒక పోలిక

మా చర్చి బయట ఇటుక గోడ మీద సిలువ, దాన్ని ఆనుకుని ఎర్రటి జ్వాల ఉండేవి. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి గుర్తు అది. మా స్థానిక సంఘం అందులోంచి వెళ్లిపోవాలని ఓటేసింది, అలా వెళ్లిపోయే సంఘం ఆ పేరు గానీ ఆ గుర్తు గానీ వాడకూడదు. అందుకే ఒక శనివారం ఇద్దరు పనివాళ్లు నిచ్చెన వేసుకుని దాన్ని ఊడదీశారు. చుట్టూ ఉన్న ఇటుక టెక్సస్ ఎండకు ఏనాడో వెలిసిపోయింది. గుర్తు కింద ఉన్న ఇటుక మాత్రం నిన్న పేర్చినట్టు ఎర్రగా ఉంది. మర్నాడు ఆదివారం మా అత్తమ్మ కారు దిగి, ఆ గోడ వైపు కాసేపు చూసి, "ఇప్పుడు మనం ఏ చర్చోళ్లం బిడ్డా?" అని అడిగింది. వికారాబాద్ దగ్గర పుట్టి, చిన్నప్పటి నుంచి ధారూర్ మెథడిస్ట్ జాతరకు పోయిన మనిషి. డెబ్బై ఏళ్లలో ఆమెకు ఆ ప్రశ్న అడగాల్సిన పని పడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఈలోగా మాలాంటి తెలుగు కుటుంబాలు ఎన్నో ఇదే టెన్షన్‌లో ఉండటం చూశాను. కొందరు కోపంతో తేల్చుకున్నారు, కొందరు ఏదీ తేల్చుకోకుండానే చర్చికి వెళ్లడం మానేశారు. ఆ రెండో రకం వాళ్ల కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

అసలు ఏం జరిగింది

యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 1968లో డల్లాస్‌లో రెండు డినామినేషన్ల (చర్చి శాఖల) కలయికతో పుట్టింది. గుర్తులోని జ్వాలకు రెండు నాలుకలు ఉండేది అందుకే. 1972లో ఈ చర్చికి నియమాలు చేసే పై సభ, జనరల్ కాన్ఫరెన్స్, స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు పొసగదన్న మాటను నియమాల్లో చేర్చింది. ఆ మాట చుట్టూ దాదాపు యాభై ఏళ్లు వాదన నడిచింది. 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో ప్రత్యేక సమావేశం పెట్టి 438–384 ఓట్లతో పాత నిషేధాన్ని ఇంకా బిగించారు. అదే సమావేశంలో 2553 అనే పేరా ఒకటి చేర్చారు. ఈ విషయంలో మనస్సాక్షి ఒప్పుకోని స్థానిక సంఘం 2023 డిసెంబర్ 31లోపు ఆస్తితో సహా బయటికి వెళ్లొచ్చు అన్నది దాని సారాంశం.

ఆస్తి మాట ఎందుకు వచ్చిందంటే, మెథడిస్టుల్లో చర్చి భవనం స్థానిక సంఘం పేరున ఉన్నా దాన్ని మొత్తం డినామినేషన్ కోసం ట్రస్టుగా పట్టుకున్నట్టే లెక్క. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. తాతలు కట్టిన గుడి అయినా సంఘం విడిగా పోతే తాళంచెవులు ఇచ్చి పోవాల్సిందే. 2553 ఆ ముడిని కొన్నాళ్లు సడలించింది. హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓటు రావాలి, కాన్ఫరెన్స్‌కు, అంటే ఆ ప్రాంతపు సంఘాలన్నిటినీ కలిపే వ్యవస్థకు, కట్టాల్సిన అపోర్షన్‌మెంట్ బాకీ లేకుండా తీర్చి మరో ఏడాదిది కూడా కట్టాలి (పై ఖర్చులకు సంఘం కట్టే వాటా, మన దగ్గర అసెస్‌మెంట్ అంటాం కదా, అలాంటిది), పాస్టర్ల పెన్షన్ భారంలో తమ వాటా చెల్లించాలి. చివరికి వార్షిక కాన్ఫరెన్స్ ఆమోదించాలి.

గడువు ముగిసేసరికి 7,600కు పైగా సంఘాలు వెళ్లిపోయాయి. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్ట్ సంఘాల్లో సుమారు నాలుగో వంతు. హ్యూస్టన్ వైపు ఉన్న టెక్సస్ కాన్ఫరెన్స్ 2022 డిసెంబర్‌లో ఒక్క రోజే 294 సంఘాలకు వీడ్కోలు చెప్పింది. నార్త్ జార్జియాలో 2023 నవంబర్‌లో 261. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా శివార్లలోనూ ఈ అలజడి కనిపించింది.

ఇంకో లెక్క కూడా చూడాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 1968లో ఈ చర్చి సభ్యులు దాదాపు కోటి పది లక్షలు. 2019 ఓటింగుకు ముందే అమెరికాలో ఆ సంఖ్య 67 లక్షల దగ్గరకు వచ్చేసింది. అంటే సంఘాలు తీర్మానాలు చేసుకుని వెళ్లకముందే లక్షల మంది చడీచప్పుడు లేకుండా ఒక్కొక్కరుగా తగ్గిపోయారు. వాళ్లకు ఓటింగూ లేదు, వీడ్కోలు ప్రార్థనా లేదు. సంఘం విడిపోవడం వార్త అవుతుంది. మనిషి రాకపోవడం రెండు మూడు ఆదివారాల తర్వాత ఎవరికీ గుర్తుండదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

2024 ఏప్రిల్, మే నెలల్లో షార్లట్‌లో జరిగిన జనరల్ కాన్ఫరెన్స్‌లో పరిస్థితి తిరగబడింది. 1972 నాటి మాటను తీసేశారు, గే వ్యక్తులను పాస్టర్లుగా అభిషేకించడం మీద నిషేధాన్ని ఎత్తేశారు, 2553ను కూడా తొలగించారు. కాబట్టి ఇప్పుడు సంఘం మొత్తంగా ఆ దారిలో బయటికి పోవడం కుదరదు. ఈ గడువులన్నీ సంఘాలకు సంబంధించినవని గుర్తుంచుకోండి. ఒక కుటుంబం ఎప్పుడైనా ఉండొచ్చు, ఎప్పుడైనా బదిలీ చేయించుకోవచ్చు. "లాస్ట్ డేట్ అయిపోయిందంట కదా" అని నన్ను అడిగినవాళ్లు ముగ్గురున్నారు.

ముందు మీ పేరు ఎక్కడుందో చూడండి

ఏ చర్చి మంచిదని ఆలోచించేలోపు చేయాల్సిన పని ఇది. మా ఓటింగు రోజు ఫెలోషిప్ హాల్‌లో బల్ల మీద సభ్యుల జాబితా పెట్టుకుని ఒకామె పేర్లు టిక్ చేస్తూ కాగితాలు ఇచ్చింది. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం వచ్చి, వంటలు చేసి, కానుకలు వేసిన ఒక తెలుగు అంకుల్ పేరు అందులో లేదు. ఆయన సభ్యత్వం ఇంకా జహీరాబాద్ చర్చిలోనే ఉంది, ఇక్కడికి బదిలీ ఉత్తరం తెప్పించుకోవాలని ఎవరూ చెప్పలేదు. అక్కడ వచ్చే మనిషి వేరు, ప్రమాణం చేసి రిజిస్టర్‌లో చేరిన సభ్యుడు వేరు. ఆయన వెనక కుర్చీలో కూర్చుని చూడటమే అయింది. మా అత్తమ్మదీ అదే పరిస్థితి. మా పద్నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం ఓటుంది, ఎందుకంటే దానికి కిందటి ఈస్టర్‌కే కన్ఫర్మేషన్ (తానే ప్రమాణం చేసి సభ్యత్వం తీసుకోవడం) అయింది. నాయనమ్మ చేతిలో ఏమీ లేకుండా కూర్చుంటే మనవరాలు కాగితం మడిచి డబ్బాలో వేసింది. కావాల్సిన దానికన్నా ఏడు ఓట్లు ఎక్కువ వచ్చి వెళ్లిపోయే తీర్మానం గెలిచింది.

ఓటింగ్‌లో నేను ఉండిపోదామని రాశాను, మా ఆయన వెళ్దామని రాశారు. అమ్మాయి ఏం రాసిందో మేము అడగలేదు.

కాబట్టి చర్చి ఆఫీసుకు ఫోన్ చేసి మీ పేరు రిజిస్టర్‌లో ఉందా, ఎలా ఉంది, పిల్లల బాప్తిస్మం, కన్ఫర్మేషన్ నమోదయ్యాయా అని కనుక్కోండి. వెళ్లిపోయిన సంఘంలో సభ్యులైతే, మీరు వేరేగా చెప్పకపోతే మీ సభ్యత్వం సంఘంతో పాటే వెళ్లిపోయి ఉంటుంది. యునైటెడ్ మెథడిస్ట్‌గానే ఉండాలనుకుంటే మీరే అడిగి బదిలీ చేయించుకోవాలి. అలాంటివాళ్లను చేర్చుకోవడానికి చాలా కాన్ఫరెన్సులు లైట్‌హౌస్ సంఘాలని కొన్నింటిని ప్రత్యేకంగా పెట్టాయి. డిస్ట్రిక్ట్ ఆఫీసుకు, అంటే డి.ఎస్. (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్) గారి ఆఫీసుకు మెయిల్ పెడితే దగ్గర్లో ఏది ఉందో చెబుతారు.

యునైటెడ్ మెథడిస్ట్‌లోనే ఉండిపోవడం

షార్లట్ తర్వాత ఈ చర్చి మీద మన వాట్సాప్ గ్రూపుల్లో చాలా తిరిగాయి. వాటిలో సగం నిజం కాదు. ప్రతి పాస్టర్ స్వలింగ వివాహం జరిపించాల్సిందే అన్న నియమం ఏదీ రాలేదు. జరిపించినా, జరిపించనన్నా పాస్టర్‌ను శిక్షించకూడదని తీర్మానించారు. ఈ విషయంలో స్థానిక సంఘాన్ని పైవాళ్లు బలవంతపెట్టడానికీ ఆపడానికీ వీల్లేదు. అందుకని డినామినేషన్ పేరు చూసి మీ వీధి చివర ఉన్న సంఘం ఎలాంటిదో చెప్పలేం. ఇప్పటికీ యునైటెడ్ మెథడిస్ట్‌లో సంప్రదాయంగా నమ్మే సంఘాలు ఉన్నాయి, పూర్తిగా ఉదారంగా ఉన్నవీ ఉన్నాయి, ఒకే బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవి చాలా ఉన్నాయి. వెళ్లి నాలుగు ఆదివారాలు కూర్చుంటేనే తెలుస్తుంది.

బలం ఏమిటంటే వ్యవస్థ. బిషప్ పాస్టర్‌ను పంపిస్తారు, ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తారు, సంఘం ఖాళీగా ఉండదు. పాస్టర్ మీద ఫిర్యాదు ఉంటే వెళ్లడానికి ఒక తలుపు ఉంది. విపత్తు సహాయం చేసే విభాగం, ఆసుపత్రులు, సెమినరీలు, జింబాబ్వేలోని ఆఫ్రికా యూనివర్సిటీ, ఇవన్నీ పెద్ద చేతులు. మహిళలకు 1956 నుంచే పూర్తి పాస్టర్ హక్కులున్నాయి. ప్రభువు బల్ల (ప్రభు రాత్రి భోజనం) అందరికీ తెరిచే ఉంటుంది, చిన్నపిల్లలకు కూడా.

బలహీనతలూ అక్కడి నుంచే వస్తాయి. మీకు నచ్చిన అయ్యగారిని జూన్‌లో వేరే ఊరికి పంపేస్తే మీరు చేయగలిగింది తక్కువ. పై ఖర్చులకు కట్టే డబ్బు ఎక్కువ. సంఘాల సంఖ్య తగ్గడంతో కాన్ఫరెన్సులు సిబ్బందిని తగ్గించుకుంటున్నాయి, కొన్ని కలిసిపోతున్నాయి. ఇంటి దగ్గరి చిన్న సంఘం ఇంకో అయిదేళ్లు ఉంటుందా అన్నది అడగాల్సిన ప్రశ్నే. 2024 మే చివర్లో ఐవరీ కోస్ట్‌లోని పది లక్షలకు పైగా సభ్యులున్న కాన్ఫరెన్స్ కూడా వెళ్లిపోతున్నామని ఓటేసింది. అంటే ఈ కదలిక అమెరికాతో ఆగలేదు.

మాతో పాటు ఉండిన ఒక తెలుగు కుటుంబం ఈ దారే పట్టింది. వాళ్ల పెద్దబ్బాయి తాను గే అని ఇంట్లో చెప్పి అప్పటికి ఏడాది. "వాడు తల దించుకోకుండా కూర్చునే బెంచీ ఒకటి కావాలక్కా, మిగతావి నాకు అక్కర్లేదు" అంది ఆ తల్లి. పద్దెనిమిది మైళ్ల దూరంలో అలాంటి సంఘం దొరికింది. వాళ్లు ప్రతి ఆదివారం వెళ్తున్నారు. మీ ఇంట్లోనూ ఇలాంటి కారణం ఉంటే, దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టి ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

గ్లోబల్ మెథడిస్ట్ చర్చితో వెళ్లడం

ఇది 2022 మే 1న మొదలైంది. వెళ్లిపోయిన సంఘాల్లో పెద్ద భాగం ఇందులోనే చేరాయి. మొదటి జనరల్ కాన్ఫరెన్స్ 2024 సెప్టెంబర్‌లో కోస్టారికా రాజధాని శాన్ హొసేలో జరిగింది, అప్పటికే 4,500కు పైగా సంఘాలు ఉన్నాయి. వివాహం ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్యనే అన్నది వీళ్ల బోధ. ఆ బోధ మీద నిలబడటం మనస్సాక్షి విషయం అనుకునే కుటుంబానికి ఇక్కడ రోజూ వాదించాల్సిన అవసరం ఉండదు. మా ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఆదివారం ప్రసంగం వినడానికి వెళ్తున్నా, పంచాయితీకి కాదు."

చాలామంది అనుకున్నట్టు ఇది బాప్టిస్టుల వైపు మళ్లిపోయిన చర్చి కాదు. పసిపిల్లల బాప్తిస్మం ఉంది, వెస్లీ బోధ ఉంది, నైసీన్ విశ్వాస ప్రమాణాన్ని సిద్ధాంత గ్రంథాల్లోకి తీసుకున్నారు. మహిళలకు అభిషేకం ఉంది, కోస్టారికాలో ఎన్నికైన బిషప్పుల్లో మహిళలూ ఉన్నారు. ఇది తెలియక మా స్త్రీల సమాజంలో ఇద్దరు భయపడ్డారు.

మార్పు ఎక్కువగా పాలనలో ఉంది. భవనం సంఘానిదే, ట్రస్టు ముడి లేదు. తర్వాత ఎప్పుడైనా వద్దనుకుంటే ఆస్తితో బయటికి వెళ్లే దారి నిబంధనల్లోనే ఉంది. పైకి కట్టే వాటా తక్కువ, దానికి పరిమితి పెట్టారు. పాస్టర్‌ను బిషప్ నియమిస్తారు గానీ సంఘంతో మాట్లాడే నియమిస్తారు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్ట్ బిషప్పులది జీవితకాల పదవి, ఇక్కడ కొన్నేళ్ల పరిమితి. పాస్టర్‌కు తప్పకుండా ఎక్కడో ఒక చోట పోస్టింగ్ దొరుకుతుందన్న పాత హామీ కూడా ఇక్కడ లేదు. సంఘానికి ఇది మేలే, పాస్టర్ కుటుంబానికి మాత్రం భయమే.

లోటు ఏమిటంటే వయసు. అన్నీ కొత్తగా కడుతున్నారు. యూత్ క్యాంపులు, పాస్టర్ల శిక్షణ, ఫిర్యాదుల వ్యవస్థ కొన్ని చోట్ల బాగా ఉన్నాయి, కొన్ని చోట్ల ఇంకా కాగితం మీదే ఉన్నాయి. ఇందులోనే చేరిన మా సంఘంలో పాస్టర్ రిటైరయ్యాక కొత్తవారు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ మా లే లీడర్లే (పాస్టర్లు కాని సంఘ పెద్దలే) ప్రసంగించారు. కొన్ని ఆదివారాలు బాగున్నాయి, కొన్ని చాలా కష్టంగా గడిచాయి. మీరు చేరబోయే సంఘాన్ని రెండు ప్రశ్నలు అడగండి. మీ పాస్టర్ ఎప్పుడు రిటైరవుతారు? పిల్లల భద్రత పాలసీ రాసి ఉందా, చూపిస్తారా? రెండో దానికి వెంటనే కాగితం తీసి చూపించని చోట మీ పిల్లల్ని వదలొద్దు. ఏ డినామినేషన్‌లోనైనా ఇదే మాట.

ఏ డినామినేషన్‌లోనూ చేరని సంఘం

వెళ్లిపోయిన సంఘాల్లో కొన్ని ఎవరితోనూ కలవలేదు. ఇవి రెండు రకాలు. కొన్ని చాలా పెద్దవి, వేల మంది సభ్యులు, సొంత సిబ్బంది, సొంత వనరులు. అలాంటి చోట విడిగా నిలబడటం సాధ్యమే. రెండో రకం అరవై, డెబ్బై మంది ఉన్న సంఘాలు. "ఇక ఎవరికీ కట్టేది లేదు, ఎవరి మాటా వినేది లేదు" అన్న ఉత్సాహంతో విడిగా ఉండిపోయినవి.

ఈ రెండో రకం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. బాగా తెలిసిన మనుషులు నడిపిస్తే తప్ప వాటికి దూరంగా ఉండమంటాను. యునైటెడ్ మెథడిస్ట్‌లో ఉన్నన్నాళ్లూ పన్ను మినహాయింపు కాగితాలు, ఇన్సూరెన్స్, పాస్టర్ పెన్షన్ చాలావరకు పైనుంచే నడిచేవి. విడిగా వచ్చాక ఇవన్నీ సంఘమే చూసుకోవాలి. పాస్టర్ గారి మీద అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? బోర్డులో ఆయన బావమరిది, ఆయన స్నేహితుడే ఉంటే? మన తెలుగు రాష్ట్రాల్లో ఒకే కుటుంబం చేతిలో నడిచే సంఘాలు చూసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ చేరాలనుకుంటే బైలాస్ కాపీ అడగండి, కిందటి ఏడాది లెక్కలు బయటి ఆడిటర్ చూశారా అని అడగండి. అడిగినందుకు ముఖం మాడితే అదే మీ జవాబు.

మంచి వైపూ ఉంది. నిర్ణయాలు త్వరగా జరుగుతాయి. మాకు తెలిసిన అలాంటి ఒక సంఘం శనివారం సాయంత్రాలు తెలుగు ఆరాధనకు హాలు ఉచితంగా ఇచ్చింది. కాన్ఫరెన్స్‌లో ఉన్నప్పుడు అదే అనుమతి కోసం వాళ్లు ఏడాది తిరిగారట.

మిగతా దారులు

ఫ్రీ మెథడిస్ట్ చర్చి 1860లో పుట్టింది. బానిసత్వానికి వ్యతిరేకంగా, చర్చిలో బెంచీలను డబ్బుకు అద్దెకిచ్చే అలవాటుకు వ్యతిరేకంగా నిలబడినవాళ్లది. వెస్లియన్ చర్చి, నజరేన్ చర్చి కూడా ఇదే వంశం. నజరేన్ చర్చి పుట్టింది 1908లో మన డల్లాస్‌కు ఉత్తరాన పైలట్ పాయింట్‌లోనే. కొత్త డినామినేషన్‌లో అన్నీ మొదటి నుంచి కట్టుకోవడం ఇష్టం లేక, సంప్రదాయ బోధ కావాలనుకునేవాళ్లకు ఇవి స్థిరమైన ఇళ్లు. భవనం మీద ట్రస్టు పద్ధతి ఫ్రీ మెథడిస్టుల్లోనూ ఉంది, అది మీకు ముఖ్యమైతే చూసుకోండి.

ఇక తెలుగు సహవాసాలు. చాలామంది మనసు వీటివైపే లాగుతుంది, నాదీ అంతే. మన పాట, మన ప్రార్థన, ఆరాధన అయ్యాక పులిహోర, కోడికూర. అత్తమ్మలాంటి పెద్దవాళ్లకు వారంలో నోరారా మాట్లాడుకునే రోజు అదే. పిల్లల సంగతి వేరు. పన్నెండేళ్లు దాటాక చాలామందికి తెలుగు ప్రసంగం సగమే అర్థమవుతుంది, వెనక కూర్చుని ఫోన్ చూస్తారు. మేము రెండూ పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున ఇంగ్లిష్ సంఘం, నెలకు రెండు శనివారాలు తెలుగు సహవాసం. సభ్యత్వం మాత్రం ఒకే చోట ఉండాలి. పెళ్లికి, ఉత్తరానికి, చివరికి సమాధి ప్రార్థనకు ఒక సంఘం మీది అని చెప్పుకోగలగాలి.

పాస్టర్లుగా వచ్చినవాళ్లకు

మన దగ్గర్నుంచి ఆర్-1 (మత సేవకుల) వీసా మీద వచ్చిన అయ్యగార్లు కొందరున్నారు. ఆ వీసాకు దరఖాస్తు పెట్టేముందు కనీసం రెండేళ్లు అదే డినామినేషన్‌లో సభ్యులై ఉండాలి, మొత్తం అయిదేళ్ల పరిమితి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చిన సంఘం డినామినేషన్ మారిందంటే కాగితాల మీద ప్రశ్న లేవవచ్చు. "సంఘం మారింది, నేను మారలేదు కదా" అని ఊరుకోవద్దు. ఓటింగు గురించి చెవిన పడగానే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి, కుటుంబమంతా దాని మీదే ఉంది.

ఊరి నుంచి వచ్చే ఫోన్

"మన చర్చి కూడా విడిపోయిందంట కదా?" అని హైదరాబాద్ నుంచి, తాండూరు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. లేదు. మెథడిస్ట్ చర్చి ఇన్ ఇండియా 1981లోనే స్వతంత్ర చర్చి అయింది. దాని బిషప్పులు, నియమాలు, ఆస్తులు వేరు. సెయింట్ లూయిస్‌లో గానీ షార్లట్‌లో గానీ వేసిన ఓటు వికారాబాద్ చర్చికి వర్తించదు. మెదక్ వైపు వాళ్లది ఇంకో కథ. అక్కడికి వచ్చింది బ్రిటిష్ వెస్లియన్ మిషన్. వాళ్లు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో కలిసిపోయారు. మెదక్ కెథడ్రల్ వాళ్లదే. వేర్వేరు మిషన్ల నుంచి వచ్చి తర్వాత ఒక్కటైన సంఘాల్లో పుట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నందుకేనేమో, అమెరికాలో ఈ విడిపోవడం మన పెద్దవాళ్లకు ఎక్కువ నొప్పిగా ఉంటుంది.

ఇక్కడ ఏ సంఘంలో చేరినా ఊరి చర్చిలో మీ పేరుకు మచ్చ రాదు. సెలవుల్లో వెళ్లినప్పుడు బల్ల దగ్గరికి వెళ్లొచ్చు, పిల్లల పేర్లు చదివించుకోవచ్చు, నవంబర్‌లో జాతరకూ వెళ్లొచ్చు.

మేము ఎలా తేల్చుకున్నాం

బోధ గురించి మా ఇద్దరికీ కుదరలేదు, ఇప్పటికీ కుదరలేదు. అందుకని ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక వేరే ప్రశ్న వేసుకున్నాం. అత్తమ్మ గుండెకు స్టెంట్ వేసినప్పుడు ఆ పది రోజులు మనింటికి ఎవరు వచ్చారు? కాగితం తీసి పేర్లు రాశాం. పద్నాలుగు పేర్లు వచ్చాయి. అందులో ముగ్గురు లైట్‌హౌస్ సంఘానికి వెళ్లిపోయారు, ఒకరు చనిపోయారు, పది మంది పాత భవనంలోనే ఉన్నారు. అమ్మాయిని పిలిచి అడిగితే తన సండే స్కూల్ టీచర్ దగ్గరే ఉంటానంది. మేము ఆ పాత భవనంలోని సంఘంతోనే ఉండిపోయాం. నేను ఉండిపోయింది గ్లోబల్ మెథడిస్ట్ వాదన నన్ను గెలిచినందుకు కాదు, ఆ పది మంది కోసం. ఈ మాట మా పాస్టర్ గారికి కూడా చెప్పాను. ఆయన "చాలమ్మా, కూర్చో" అన్నారు.

మీ కాగితం మీద వేరే పేర్లు వస్తాయి. పేర్లే రాకపోతే కొత్త చోటు వెతకడానికి అదే సరైన కారణం. ఓటింగు కన్నా బలమైన కారణం. భార్యాభర్తలకు బోధ విషయంలో అసలు కుదరకపోతే కనీసం ఒక ఏడాది ఒకే చోటికి కలిసి వెళ్లండి. ఆదివారం రెండు కార్లలో రెండు చర్చిలకు వెళ్లే ఇళ్లు నాకు తెలుసు, పిల్లలు మూడో దారి పట్టి ఇంట్లోనే ఉండిపోయారు.

వెళ్లాలని తేల్చుకుంటే చెప్పి వెళ్లండి. కొత్త సంఘంలో మీ పేరు ఇస్తే వాళ్లే పాత సంఘానికి రాసి బదిలీ ఉత్తరం తెప్పిస్తారు, మీరు గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. పిల్లల బాప్తిస్మం నమోదు కాపీ మాత్రం మీరే అడిగి తీసుకోండి. మూతపడిన సంఘాల రిజిస్టర్లు కాన్ఫరెన్స్ ఆర్కైవ్స్‌కు వెళ్తాయి, తర్వాత వెతికించడం కష్టం. పాస్టర్ గారికి ఎదురుగా కూర్చుని ఓ పది నిమిషాలు కారణం చెప్పండి. మాతో ఉండిన ఆ కుటుంబం వెళ్లేముందు ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడింది. ఆ అబ్బాయి కూడా నిలబడ్డాడు. ఓటింగులో వాళ్లకు ఎదురుగా ఓటేసిన ఒక పెద్దాయన మొదట లేచి వెళ్లి వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

అత్తమ్మ ఉత్తరం కోసం వికారాబాద్ చర్చికి ఈ మార్చిలో రాశాం. రెండు వారాల్లో వచ్చింది, తెలుగులో, నీలి సిరాతో, కింద చర్చి ముద్రతో. మా చర్చి ఆఫీసులో ఎవరికీ చదవడం రాదు కాబట్టి నేను ఇంగ్లిష్‌లో రాసి దానికి జత చేశాను. ఇప్పుడు ఆమె పేరు కూడా ఇక్కడి రిజిస్టర్‌లో ఉంది.